బాల్దో పీపా

(ఇటలీలో, టస్కనీ కొండల్లో అతిథులకి బస ఇచ్చే ఒక పాత విల్లా. పైకప్పు కింద అటక మీద, తీపి వైన్ పీపాల మధ్య ఇద్దరు: ఆ ఇంటి పదహారేళ్ళ అమ్మాయి ఫియామ్మా, ఏటా వారం రోజుల బసకి వచ్చే పెద్దావిడ ఒత్తావియా.)

“ఆ పెట్టె అమ్మకి చూపించకండి, సిన్యోరా.”

“చూపించకుండా ఎలా? మీ అన్న పెళ్ళికని త్రియెస్తేలో కుట్టించాను. నార దుప్పట్లు. అంచున బాల్దో అని పేరు కూడా ఉంది.”

“అందుకే వద్దంటున్నాను.”

“రంగు నచ్చలేదా?”

“రంగు కాదు. మీరు ప్రతి ఏడూ ఈ అటక ఎక్కి అదే అడుగుతారు. అన్నయ్య పెళ్ళెప్పుడు, తన పేరున దాచిన ఈ పీపా ఎప్పుడు తెరుస్తారు అని.”

“అడగనా మరి? బిడ్డ పుట్టిన రోజున లక్క వేసి మూస్తాం, పెళ్ళినాడే తెరుస్తాం అని మీ అమ్మే చెప్పింది. అది రుచి చూడాలని మా ఆయనకి ఎంత ఆశో.”

“సిన్యోర్ తుల్లియో ఈసారి రాలేదేం?”

“ఆయనా? సియెనాలో ఆగిపోయారు. మోకాళ్ళు. ఈ కొండదారి కుదుపులు పడవు... ఇంతకీ నీ పీపా ఏది?”

“పక్కది. సిన్యోరా, అన్నయ్యకి పెళ్ళి కాదు.”

“పిల్ల కుదరలేదా?”

“పిల్ల కాదు. అన్నయ్యే... అన్నయ్య లేడు. నాలుగేళ్ళయింది. తోటలో ఏటవాలు దగ్గర ట్రాక్టర్ తిరగబడింది. మిలాన్‌లో ఉద్యోగమని అమ్మ మీకు చెప్పేదంతా అబద్ధం.”

“కూర్చో.”

“నేను నిజమే చెబుతున్నాను.”

“తెలుసమ్మా.”

“ఏం తెలుసు?”

“మేం తిరిగే తీరు చూశావుగా. పూటకో ఊరు చుట్టేవాళ్ళం కాదు. మీ చర్చి గోడ మీది మేరీమాత బొమ్మ ముందే పొద్దంతా కూర్చుంటాం. కాళ్ళు తిమ్మిరెక్కితే వెనక సమాధుల వైపు నడుస్తాం. రెండేళ్ళ కిందట ఒక రాయి దగ్గర ఆయన ఆగిపోయారు. ఫోటోలో మీ అన్న నవ్వుతున్నాడు, ఆ వంకర పన్నుతో.”

“తెలిసే అడుగుతున్నారా? తెలిసే దుప్పట్లు కుట్టించారా?”

“గొంతు తగ్గించు.”

“ఇదేం సరదా మీకు?”

“సరదా కాదే, పిచ్చిదానా. మీ ఊళ్ళో వాడి పేరు ఎవరైనా ఎత్తుతారా?”

“ఎత్తరు. అమ్మ వస్తే మాట ఆపేస్తారు. నాన్న కూడా... నేను కూడా.”

“నేనడిగినప్పుడు మీ అమ్మ మొహం చూశావా? వాడేం తింటున్నాడో, జుట్టు ఎంత పెంచాడో, ఆపకుండా చెబుతుంది. ఏడాదికి ఒక్క వారం. అది నేనెలా లాక్కోను?”

“ఫియామ్మా, పైన ఏం చేస్తున్నావే? సిన్యోరాని చలిలో నిలబెట్టావా?”

“మీ అమ్మే. వస్తోంది. కళ్ళు తుడుచుకో.”

“ఇక్కడున్నారా ఇద్దరూ. ఆ పెట్టెలో ఏంటి?”

“నీ కోడలికి దుప్పట్లు, రెనాతా. పెళ్ళెప్పుడో చెప్పు మరి.”

“అదే... వాడు...”

“వచ్చే ఏడాది, సిన్యోరా. ద్రాక్ష కోతలయ్యాక. నిన్న ఫోన్లో అన్నాడుగా, అమ్మా.”

“...అన్నాడు. అవును, అన్నాడు. ముందు ఆ జుట్టు కత్తిరించుకోరా అంటే వినడు. పెళ్ళికొడుకు అలా ఉంటాడా, మీరే చెప్పండి.”

“ఉండనీ, వాడికి బాగుంటుంది. నేను ముందు దిగుతాను. ఈ మెట్లు నాకు మెల్లగా.”

“సిన్యోర్ గారికి ఇష్టమని బాదం బిస్కెట్లు చేశాను.”

“ఆయనకా... వైన్లో విరిగి పడేదాకా ముంచుతారు, ఎంత తిట్టినా అంతే. చెబుతాను, రెనాతా. సంతోషిస్తారు.”

“జాగ్రత్త, మూడో మెట్టు ఊగుతుంది... దిగిందా?”

“దిగింది. అమ్మా, నేను ఇందాక ఫోన్ అని అన్నది...”

“ఏం మాట్లాడకు. పద, సిన్యోరా బల్ల సర్దు. రెండు కుర్చీలు, రెండు గ్లాసులు.”

“ఆయన సియెనాలో ఉన్నారుగా. రెండోది ఎవరికి?”

“పోయిన వారం ఆవిడ దిగిన విల్లా నుంచి వంటామె పొద్దున ఫోన్ చేసింది. అతిథుల్లో ఎవరికి ఏం ఇష్టమో ముందే చెప్పుకుంటాంగా. ఆయన ఏప్రిల్‌లోనే పోయారట. బిస్కెట్లు ఆయన వైపు పెట్టు. ఆయన మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఆవిడని నువ్వే అడుగు.”