తిరగబడ్డ నికోటిన్

హలో… ఆ, నేనే. బ్రాడీపేట డ్రాఫ్ట్స్‌మన్ ఏసోబునే… ఎవరూ?

సంతోషకుమారివా! హైదరాబాదు నుంచా?… మీ గైడు గదిలోంచా… ఏమ్మా, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?

…ఆ, చెప్పాడులే మీ నాన్న జక్రయ్య. ల్యాబులోకి కంప్యూటరొచ్చింది, థీసిస్ బొమ్మలన్నీ మా అమ్మాయి దాంట్లోనే వేసుకుందని చర్చి మెట్ల మీద నిలబడి మరీ చాటాడు. ఇరవై ఏళ్లు ఇండియన్ ఇంకుతో గీసి కళ్లు పోగొట్టుకున్నవాణ్ణి, ఇక నేనెందుకు?

…తెర మీద అణువు బొమ్మ చుట్టూ ఒక గీత చుడితే చాలా?… మొత్తాన్నీ ఒకేసారి పట్టుకుని జరపొచ్చు, తిప్పొచ్చు, తిరగెయ్యొచ్చు… ఆహా. ఆరు మూలల ఉంగరం ఒక్కటి తిన్నగా గీయడం రానివాడు అణువుకి అణువునే తిప్పేస్తాడన్నమాట. పిచ్చోడి చేతిలో రాయని ఊరికే అన్నారా!

సర్లే, సంగతేంటో చెప్పు. ట్రంక్ కాలు, నిమిషాలు పోతున్నాయి.

…తప్పొచ్చిందా! ఏది?… పద్నాలుగో బొమ్మ. నికోటినా…

హా! చెప్పలా నేను? ఇదిగో, పొగాకులో ఉండే నికోటిన్ కుడికాలి చెప్పనుకో. మీ కంప్యూటరు ఎడమకాలిది గీసింది. చూడ్డానికి రెండూ ఒకటే — కాలు దూరదు! ఒంగోలు పొగాకు మీద అయిదేళ్లు పనిచేసి, ఆ ఆకులో లేని సరుకు గీశావా తల్లీ! అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటుందా డబ్బా. దానికేం తెలుసు, ఎప్పుడన్నా చుట్ట కాల్చిందా పాడా?

…ఏడుపెందుకు? ఎగ్జామినరు థీసిస్ వెనక్కి పంపాడా… సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే — ఇంకో ఏడాదా!

మరి డబ్బాదే తప్పని చెప్పు!

…తిప్పలేదా?… ఉన్నదున్నట్టు దించావా? దేన్ని చూసి?

…

నాదా.

నాలుగేళ్ల కిందట, ఎనభై నాలుగులో మీ గైడుకి నేను వేసిచ్చిన చార్టా?… ఆపమ్మా! నా బొమ్మ తప్పనే మగాడు గుంటూరులో ఇంకా పుట్టలేదు. లైన్లో ఉండు. ట్రేసింగు కాగితాలు సొరుగులోనే ఉన్నాయి, ఇప్పుడే తేలుస్తా…

ఇదిగో. నికోటిన్.

…ఉన్నావా? ఉండు, కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తున్నా…

…

అమ్మాయ్… పెన్సిలు గీత ఒకవైపుంది. ఇంకు రెండోవైపుంది. గీత అవతలికీ కనబడే కాగితం కదా, తిరగేసి ఇంకు పెట్టాను. అక్షరాలు నేనెప్పుడూ చివర్న స్టెన్సిలుతో వేస్తానుగా… గీతలు తిరగబడ్డాయి, అక్షరాలు మాత్రం తిన్నగా పడ్డాయి. అందుకే ఎవడికీ కనబళ్లా. నాకూ కనబళ్లా.

…నీ మొహం, కళ్లు మసకబారి కాదు. పొగరు. నా గీతని రెండోసారి చూడ్డమేంటనే పొగరు.

…ఎందుకు దాచడం? ఏడాది పోయేది నీకు, నాకు కాదు. మీ గైడు పక్కనే ఉన్నాడా?… ఫోనివ్వు… ఇవ్వమంటున్నానా!

నమస్కారమండీ. ఏసోబునండి… అవునండీ, కంప్యూటర్ని తిట్టే ఏసోబునే. అమ్మాయి తప్పేం లేదండి. డబ్బా తప్పు కూడా కాదు. తిరగేసింది నేనండి. కాగితం మీద రాసి సంతకం పెడతా, ఈ ట్రేసింగుతో సహా రేపే రైలెక్కుతా…

ఒక్కటి అడగనా అండీ? దాంట్లో సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?

…మొత్తం పట్టుకుని, ఒక్కసారి తిరగేస్తే… అంతేనా?

…అహ, ఏం లేదండి. నాకు నాలుగేళ్లు పట్టింది.

ఉంటానండి.