అన్నయ్య పైపు

అన్న పోయాక మొదటిసారి ఆయన కుర్చీలో కూర్చుని, చుట్టలకు అలవాటుపడ్డ నోట్లో ఆయన పైపు పెట్టుకున్నాడు తమ్ముడు. వదిన దగ్గరుండి నేర్పుతోంది.

“చుట్టలా గుంజకు మరిదీ, నాలుక కాలుతుంది. వేడి టీ చప్పరించినట్టు మెల్లగా పీల్చు.”

“మెల్లగా పీలిస్తే ఆరిపోతోంది వదినా. ఈ వయసులో నాకెందుకీ కొత్త చదువు?”

“ఆయన పోయినా సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా ఆ వాసనే. నువ్వొచ్చి కాలుస్తుంటే, అది నీ పొగేలే అని గుండె దిటవు చేసుకుంటాను.”

అతను ఆరిపోయిన పైపు దులిపి, పొగాకు మళ్లీ కూరి, అగ్గిపుల్ల తీశాడు.

కిటికీ వైపు తిరిగిన వదిన గుండెలనిండా గాలి పీల్చింది.

“ఆఁ, ఇప్పుడు కుదిరింది! అచ్చం మీ అన్నయ్య కాల్చినట్టే.”

ఆ వాసన అతనికీ తగిలింది.

“అవునొదినా, ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది,” అన్నాడు, గీయని అగ్గిపుల్లను గుప్పిట్లో దాచుకుంటూ.