కుస్తోదియో ఓడ కెప్టెన్ కాడు

లిస్బన్ నగరం, అల్ఫామా పేట పోలీసు ఠాణా. 2023 మే 25, గురువారం, ఉదయం 10:40.

నా పేరు ఒటీలియా గ్రీలో. వయసు అరవై ఆరు. భర్త లేడు. ఇంట్లోనే ఇస్త్రీ పని చేసుకుని బతుకుతాను. మా పేటలో అద్దె గదుల్లో దిగే పర్యాటకుల దుప్పట్లు, దిండు గలీబులు నా దగ్గరికే వస్తాయి. ఈ సంగతి నేనే ముందు చెబుతున్నాను. తర్వాత ఇంకెవరో చెప్పి నన్ను ఎత్తిపొడవనక్కర్లేదు. వాళ్ళ మూలంగా నా పొయ్యి వెలుగుతోంది, వాళ్ళ మూలంగానే నా తల పగిలిపోతోంది. రెండూ రాసుకోండి.

నేను ఉండేది అంజూరపు సందు, తొమ్మిదో నంబరు, కింది వాటా. పుట్టింది కూడా అందులోనే. సందు అంటే వీధి కాదు, అరవై రెండు మెట్లు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదిగి నిలబడాలి. నా పై వాటాలో కుస్తోదియో రెబోషో ఒక్కడే ఉంటాడు. వయసు ఎనభై ఒకటి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రాముల్లో టిక్కెట్లు కొట్టాడు. జన్మలో ఓడెక్కలేదు. నది దాటించే పడవ ఎక్కితేనే వాంతి చేసుకుంటాడు. ఇది ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

పోయిన అక్టోబరు నుంచి టెల్మో అనే గైడు రోజుకు నాలుగుసార్లు గుంపును తీసుకుని మా సందులోకి వస్తున్నాడు. పాతికేళ్ళ కుర్రాడు, చేతిలో పసుపు గొడుగు. అందరి చెవుల్లో చిన్న యంత్రాలు, ఇతని మెడలో మైకు. నా గడప ముందు కాస్త చదునుగా ఉంటుంది, నీడ ఉంటుంది. అక్కడే ఆగుతారు. నా తలుపు తెరుచుకోవాలంటే నేను వాళ్ళను అడగాలి. ఆగి, పై కిటికీలో కూర్చున్న కుస్తోదియోను చూపించి కథ చెబుతాడు. ఆయన ముసలి ఓడ కెప్టెనట. భార్య సముద్రంలో పోయిందట. నలభై ఏళ్ళుగా ఆ కిటికీలోంచి ఆమె కోసం చూస్తున్నాడట. ఆ కిటికీలోంచి సముద్రం కనబడదు, ఎదురింటివాళ్ళ లోదుస్తులు ఆరేసిన తాడు కనబడుతుంది. ఆయన భార్య చేపలమ్మేది. ఆసుపత్రి మంచం మీద పోయింది. నేనే స్నానం చేయించాను.

ఒకరోజు ఉండబట్టలేక టెల్మోను నిలదీశాను.

"ఏమయ్యా, ఎందుకీ అబద్ధాలు? ఆయన ట్రాములో టిక్కెట్లు కొట్టేవాడు."

"దోనా ఒటీలియాగారూ, టిక్కెట్లు కొట్టినాయన్ని చూడ్డానికి ఎవరైనా విమానమెక్కి వస్తారా చెప్పండి?"

"అయితే రావద్దను."

"మీరు కాస్త పక్కకు జరిగితే ఫోటోలో తలుపు బాగా పడుతుందండీ."

నా తలుపు ముందు నన్నే పక్కకు జరగమన్నాడు. అది కూడా రాయండి.

పైకి వెళ్ళి కుస్తోదియోతో చెప్పాను. "నువ్వైనా కిటికీ మూసుకోవచ్చు కదా. పరువు లేదూ?"

"పోనీలేవే ఒటీలియా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాకేసి చేతులూపేది వాళ్ళే. నువ్వు ఊపుతావా?"

ఇస్త్రీ పెట్టె వేడి మీద ఉందని చెప్పి కిందికి వచ్చేశాను. ఆ రోజు అది వేడి మీద లేదు.

ఏప్రిల్ నాటికి ఆయన ఎక్కడో పాత సామాన్ల సంతలో తెల్ల టోపీ ఒకటి కొనుక్కున్నాడు. కథ ముగిసే వేళకు మెట్ల మీదికి దిగి వచ్చి సలాము చేసేవాడు. వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. రోజుకు నాలుగుసార్లు చప్పట్లు.

మే 16, మంగళవారం. ఉదయం పదకొండూ ఇరవై. నేను దుప్పటి ఇస్త్రీ చేస్తున్నాను. బయట మెట్ల మీద ఏదో పడిన చప్పుడు, వెంటనే చప్పట్లు. రోజూ ఉండేదే కదా అనుకుని దుప్పటి మడత పూర్తి చేశాను. పూర్తి చేశాకే బయటికి వచ్చాను. ఎంతసేపు అని మీరు అడిగారు. ఒక దుప్పటికి నాలుగు మడతలు. అంతసేపు.

కుస్తోదియో మెట్ల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. నోరు ఒకవైపు లాక్కుపోయింది. కుడిచెయ్యి కదలడం లేదు. నన్ను చూసి "రొట్టె" అన్నాడు. చెప్పాలనుకున్నది రొట్టె కాదని కళ్ళలో తెలుస్తోంది. మళ్ళీ "రొట్టె" అన్నాడు. గుంపు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. కొందరు ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు. పదకొండూ ఇరవై నాలుగుకు నేను 112కు ఫోను చేశాను. తలకింద నా ఏప్రాను మడిచి పెట్టాను.

పదకొండూ నలభై ఒకటికి అంబులెన్సువాళ్ళు ఇద్దరు, మోసే కుర్చీతో మెట్ల కిందికి వచ్చారు. అప్పటికే ఇంకో గుంపు కింది నుంచి పైకి వస్తోంది. టెల్మో గుంపు పైన, అతను వీపు ఇటు తిప్పి వాళ్ళకు ఇంకో కథ మొదలుపెట్టాడు. మధ్యలో ఇసుక వేస్తే రాలనంత జనం. నేను "దారి! దారి!" అని గొంతు చించుకున్నాను. చెవుల్లో యంత్రాలు, ఎవరికీ వినబడలేదు. వినబడినవాళ్ళు నవ్వి నన్ను కూడా ఫోటో తీశారు. టెల్మో మెడలోంచి మైకు లాక్కుని అందులో అరిచాను. వాళ్ళకు మన భాష రాదు. అరిచాక గుర్తొచ్చింది.

"ఒరే, వాళ్ళ భాషలో చెప్పరా! మనిషి పోతున్నాడు!"

"నిజంగానా? ఆయన రోజూ చేసేదే అనుకున్నాను..."

"మూతి చూడు. మూతి చూడరా!"

టెల్మో చూశాడు. మొహం సున్నంలా తెల్లబడింది. అప్పుడు అరిచాడు, ఏ భాషలో అరిచాడో నాకు తెలియదు. జనం గోడలకు అతుక్కుపోయారు, ఒక్కడు తప్ప. నీలం చొక్కా మనిషి, ఇప్పుడు నా మీద ఫిర్యాదు ఇచ్చినాయన. కుస్తోదియో మొహానికి జానెడు దూరంలో కూర్చుని వీడియో తీస్తున్నాడు. కుర్చీ వచ్చే దారికి అడ్డం అతని వీపే. లెమ్మని భుజం తట్టాను. వేలెత్తి, ఒక్క నిమిషం అన్నట్టు చూపించాడు. నేను తోశాను.

తర్వాత అందరూ కలిసి కుర్చీని కిందికి దింపారు. ముందు కాళ్ళు పట్టుకున్నది టెల్మోయే. ఇది ఒప్పుకోకపోతే నాకు పాపం. అంబులెన్సు వెళ్ళాక అతను నా గడప మీద కూలబడ్డాడు.

"నేనూ చప్పట్లు కొట్టాను దోనా ఒటీలియా."

నీళ్ళు ఇచ్చాను. తిట్టడానికి ఓపిక లేకపోయింది.

ఇంకాస్త ఆలస్యమైతే మాట పూర్తిగా పోయేదని డాక్టరు చెప్పాడు.

నిన్న, మే 24, మధ్యాహ్నం మూడింటికి ఆయన్ను ఇంటికి పంపారు. అంబులెన్సుతో వచ్చింది ఇద్దరే, అందులో ఒకరికి నడుం పట్టేసింది. పైకి అరవై రెండు మెట్లు. మెట్ల మీద మామూలుగానే గుంపు. ఆ గైడు ఎవరో కొత్తమ్మాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. గుంపులోకి వెళ్ళి బలంగా కనిపించిన నలుగురిని చొక్కాలు పట్టుకుని కుర్చీ దగ్గరికి లాక్కొచ్చాను. చేతులు ఎక్కడ పెట్టాలో చూపించాను. మారు మాట్లాడకుండా పట్టుకున్నారు. ప్రతి పది మెట్లకూ ఆగి, ఒగర్చుకుంటూ మోశారు. ఒక ముసలావిడ మందుల సంచి పట్టుకుని వెనకాలే ఎక్కింది. పైన దింపాక వాళ్ళలో ఒకడు ఫోను చూపించి, తియ్యనా అన్నట్టు సైగ చేశాడు. కుస్తోదియో తల అడ్డంగా ఊపాడు. అతను ఫోను జేబులో పెట్టుకుని, కుస్తోదియో ఎడమచెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. నేను సూపు వేడి చెయ్యడానికి వెళ్ళాను.

నా కళ్ళద్దాలు ఇంటి దగ్గర మరిచిపోయినందువల్ల పైదంతా అధికారి నాకు చదివి వినిపించారు. ఒక్క చోట దిద్దించాను. "తోశాను" అని ఉంది. రెండుసార్లు తోశాను. మొదటిసారి దారి కోసం. అతను లేచి పక్కకు వచ్చేశాడు, కుర్చీ దాటిపోయింది, దారి ఖాళీ అయింది. అప్పుడు రెండోసారి తోశాను. మోచెయ్యి దోక్కుపోయిందీ, ఫోను పగిలిందీ ఆ రెండోసారికే. మొదటిదానికి క్షమాపణ చెప్పను. రెండోదానికి అతని ఎదురుగా నిలబడి చెబుతాను. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పి పంపలేదు. జరిగింది ఇదే, నేను చెప్పిందీ ఇదే.

(సంతకం) ఒటీలియా గ్రీలో