మూడో అంతస్తు చొక్కాకి సంజాయిషీ

హలో… ఆ, నేనే తల్లీ, మావయ్యని… స్కూల్లోనే ఉన్నావా?… లంచ్ బెల్ అయిందా, బతికించావు. మళ్ళీ బెల్ కొట్టేలోగా నాకో ఉత్తరం రాయించాలి. ఇంగ్లీషులో.

లేదు లేదు, ఒంట్లో బానే ఉంది. హోటల్లోనే ఉన్నా, కింద, ఇస్త్రీ గదిలో… గొంతు తేడాగా ఉందా? ఎందుకుండదూ. ఓ చొక్కా కాలింది.

మూడో అంతస్తులో దిగినాయనది. తెల్లది. వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు పడిపోయింది, ముక్కుతో సహా… నేనే, ఇంకెవరు… ఎలా అంటే… తిట్టనంటే చెప్తా.

మొన్నాదివారం క్రియలు ఇచ్చావు చూడు, నీ క్లాసు పిల్లలకిచ్చినట్టే, మూడేసి రూపాలు, బట్టీ పట్టమని. ఇస్త్రీ చేస్తూ అప్పజెబుతున్నా. గుండీలక్కయ్య పుస్తకం పట్టుకుంది… అదే, ఇక్కడ గుండీలు కుట్టే ఆవిడ… రాదు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తలకిందులుగా పట్టుకున్నా నేనేమీ అనను. ఎవరో ఒకరు ఎదురుగా పట్టుకుంటే నాకు ధైర్యం. గో, వెంట్, గాన్— గడగడా వచ్చేస్తున్నాయి. 'లై' దగ్గర ఆగా. లై, లే… తర్వాతేంటి?… ఆఁ, లెయిన్. అది గుర్తుకు రాక కళ్ళు మూసుకున్నా. తెరిచేసరికి పొగ.

నవ్వకు… నవ్వొచ్చేదే, కానీ నవ్వకు. నువ్వింకా అసలు సంగతి వినలేదు.

కొత్త మేనేజరుగారికి మన భాష రాదు కదా. అందుకని ఓ చీటీ రాసి పైకి పంపించా. 'సర్, షర్ట్ ఈజ్ బర్నింగ్ సిన్స్ మార్నింగ్.'… ఏం, తప్పా?… అంటే, పొద్దుట్నించి ఇంకా కాలుతూనే ఉందనా?… ఆహా. అందుకా ఆయన మంటలార్పే సిలిండరు భుజాన వేసుకుని, వెనక ఇద్దరు వాచ్‌మన్లతో మెట్లు దూకుతూ వచ్చింది.

కొట్టారమ్మా. తలుపు తోస్తూనే కొట్టారు. నురగ. చొక్కా మీద, నా మీద, మడత పెట్టిన నలభై టేబుల్ గుడ్డల మీద, గుండీలక్కయ్య కళ్ళజోడు మీద. ఆవిడ ఇప్పటికీ తుడుచుకుంటోంది.

ఇప్పుడు సంజాయిషీ కావాలట, రాతపూర్వకంగా. రెండింటికి ఆయనే వచ్చి తీసుకుంటాట్ట… ఒకటీ ముప్పావయింది.

రాశాలే, కొంత. విను. 'రెస్పెక్టెడ్ సర్, ఐ బర్న్‌ట్ ద షర్ట్, ద బ్యాక్, ద వైట్, ద వెరీ సారీ.'… 'ద'లు ఎక్కువయ్యాయా? ఎక్కడ పెట్టాలో తెలీక, ఎందుకైనా మంచిదని అన్నిటికీ పెట్టా… సరే, కొట్టేస్తున్నా.

తల్లీ, ఒక్క మాట. 'ఐ' కూడా కొట్టేయొచ్చా?… అంటే, చొక్కా కాలిందని తెలియాలి గానీ, ఎవరు కాల్చారో— … ఉందా? అలాంటిది ఉందా?… పాసివ్ వాయిసా. చెప్పు, రాసుకుంటా. 'ద షర్ట్… వాజ్… బర్న్‌ట్.' ఎవరి చేత?… అక్కర్లేదా? చెప్పకపోయినా గ్రామరు ఒప్పుకుంటుందా? అబ్బ. ఇంత మంచి పాఠాన్ని ఇన్ని ఆదివారాలు ఎక్కడ దాచావమ్మా. ముప్పై ఏళ్ళుగా మీ అత్తయ్యతో యాక్టివ్ వాయిస్‌లో కాపరం చేస్తున్నా. 'ద గ్లాస్ వాజ్ బ్రోకెన్.' 'ద కీ వాజ్ లాస్ట్.' ఎంత ప్రశాంతంగా ఉందో చూడు.

రాశా. రెండు లైన్లలో ఎక్కడా నేను లేను. వెతికినా దొరకను.

ఆగు, అక్కయ్య ఏదో చేస్తోంది… ఏంటక్కయ్యా, సంచీ సర్దుతున్నావు?… ఎవరన్నారు?

… ఆ, ఉన్నా తల్లీ. వాచ్‌మన్లు ఈవిడ పేరు రాసుకున్నారట. వాళ్ళొచ్చేసరికి చొక్కా ఈవిడ చేతిలో ఉంది. అతుకేమైనా పడుతుందేమోనని చూస్తోంది పాపం. ఎలాగూ చూపు ఆనదు, ఈవిడే కాల్చుంటుందని వాళ్ళలో వాళ్ళు తేల్చేశారు. రిటైరవడానికి రెండు నెలలుంది. ఇంతసేపూ నోరు విప్పి నా పేరు చెప్పలేదు తల్లీ.

… ఏమన్నావు?… ఖాళీ వదిలేస్తే, దొరికినవాళ్ళతో పూరిస్తారా… ఊఁ… అది పుస్తకంలో ఉందా, నువ్వంటున్నావా?

… సరే. నా చేత. చెప్పు. 'బై మీ.' రెండు ముక్కలే… చెయ్యి రావట్లేదు, ఉండు… రాశా.

మేనేజరు వచ్చాడు. పెట్టెయ్యకు, జేబులో వేసుకుంటా— గుడ్ ఆఫ్టర్నూన్ సర్… లెటర్, సర్… నో సర్. నాట్ షి. మీ… ఐ, సర్. ఐ బర్న్‌ట్. షి హెల్డ్ ద బుక్… గ్రామర్ బుక్, సర్… లై, లే… లే… లెయిన్, యెస్ సర్. థాంక్యూ సర్.

… వెళ్ళాడు. విన్నావా?… ఆయనే అందించాడు, ఆ మూడోది. నవ్వాడు కూడా. ఉత్తరం కింద ఏదో రాసి ఇచ్చాడు. 'యూ ఆర్ రిలీవ్డ్ ఫ్రమ్ ఐరనింగ్.' రిలీవ్ అంటే హాయి కదా? నాకు హాయిగా ఉందని ఆయనకెలా తెలిసింది?… తీసేశాడా? ఉద్యోగంలోంచా?… ఆగాగు, ఇంకా ఉంది. 'రిపోర్ట్ టు ద లగేజ్ కౌంటర్ ఆన్ మండే.' చూశావా, లగేజీ వాళ్ళ మీద రిపోర్టు ఇమ్మంటున్నాడు. నేను చాడీలు చెప్పే మనిషిని కాదమ్మా… ఏంటీ?… వెళ్ళి చేరమనా?… పైన? వచ్చినవాళ్ళందరితో ఇంగ్లీషు మాట్లాడే చోటా?

ఒక్క నిమిషం, కూర్చోనీ.

… లేదు, ఏడవట్లేదు. ఆ నురగ ఇంకా కళ్ళల్లో ఉంది.

ఆఖరి లైను కూడా చదువుతా. 'ద లేడీ షల్ నాట్ బి డిస్టర్బ్డ్.'… అక్కయ్య జోలికి ఎవరూ రాకూడదనా? ఇదీ పాసివే కదూ… కనిపెట్టేశా.

అక్కయ్యా, సంచీ దించు. నిన్నెవరూ ఏమీ అనరు… ఏంటీ?… నిజంగానా?

తల్లీ, అక్కయ్య కూడా వస్తుందట ఆదివారం, నేర్చుకోడానికి. ఆ వాచ్‌మన్లిద్దరినీ ఇంగ్లీషులో నాలుగు దులపాలిట… ఆ, తిట్టడానికి పాసివ్ ఏం పనికొస్తుంది. యాక్టివే చెప్పు… బెల్లా? వెళ్ళు, వెళ్ళు, పిల్లలొచ్చేస్తారు.

… పెట్టేసింది అక్కయ్యా. రమ్మంది.