పగులు మీద గాజుముక్క

అత్తాకోడళ్లిద్దరే ఉంటున్న ఇల్లు. పక్క స్థలంలో పెద్ద భవనానికి సెల్లార్ గొయ్యి తవ్వుతుంటే వీళ్ల పడకగది గోడ పగిలింది. పగులుకు అడ్డంగా ఇంజనీరు ఒక గాజుముక్క అతికించి వెళ్లాడు. అది విరిగిందంటే గోడ కదులుతున్నట్టే, ఇల్లు ఖాళీ చేయాల్సిందే. ఇవాళ చూసిపోవడానికి వస్తాడు.

“దిగండత్తయ్యా. ముందా స్టూలు దిగండి.”

“బూజు దులుపుతున్నానమ్మా.”

“బూజుకర్ర లేకుండానా?”

“చేత్తోనే పోతుందిలే. నువ్వేంటి, డ్యూటీకి పోలేదూ?”

“ఇంజనీరు ముందే వస్తానని ఫోన్ చేశాడు. సగం దారిలోంచి తిరిగొచ్చా. ఆ చేతికి తెల్లగా ఏంటది?”

“పౌడరు.”

“గోడకి పౌడరు రాస్తున్నారా? అది ప్లాస్టరు. మోకాళ్ల నొప్పులని మంచం దిగరు, స్టూలు మాత్రం ఎక్కుతారు.”

“తిట్టు. కాస్త మెల్లగా తిట్టు. వీధిలో మిగిలిందే రెండిళ్లు. వాళ్లు వింటే కోడలు రాచిరంపాన పెడుతోందనుకుంటారు.”

“రెండు కాదు, ఒకటే. ఎదురింటి టైలరు వాళ్లు పొద్దున్నే సామాను ఎక్కించేశారు.”

“నాకు చెప్పకుండానే?”

“చెప్పడానికే వచ్చారు, మీరు నిద్రలో ఉన్నారు. ఆ గొయ్యి వల్ల బోరు ఎండిపోయాక టైలరమ్మ నీళ్లు మోయలేకపోతోంది. భవనం కట్టే కంపెనీ వాళ్ల మీటింగులో అంత గట్టిగా అడిగిన మనిషి, ఖాళీ బిందెలు ఎత్తుకుని బండెక్కేసింది.”

“ఆ మీటింగులో కంపెనీ ఆయన ఏమన్నాడే? ఊరు పెరుగుతోంది, సర్దుకోవాలనా?”

“సర్దుకోమనే అన్నాడు. మీరు మాట మార్చకండి. పైన గాజు రెండు ముక్కలై ఉంది.”

“ఉంది.”

“అంటే, విరిగినప్పుడల్లా మీరు మారుస్తున్నారా?”

“ఒక్కసారి మార్చా. వానల్లో.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఖాళీ చేద్దామంటావు. చేశాక? నన్ను మా అమ్మాయి తీసుకుపోతుంది, నిన్ను మీ అన్నయ్య తీసుకుపోతాడు. నా కొడుకు పోయాక మనిద్దరికీ మిగిలిన చుట్టరికం ఈ నాలుగు గోడలే కదే.”

“అత్తయ్యా.”

“ఊఁ.”

“నేనూ మార్చాను. పోయిన వారం.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“మావాడి ఫోటోకి అద్దం లేదు. తుడుస్తుంటే పగిలిందన్నావు. ఇన్నేళ్లలో నువ్వొక గ్లాసు కూడా పగలగొట్టలేదు.”

“వేరే గాజు దొరకలేదు. ఆయన ఏమీ అనుకోరులే అనిపించింది.”

“అనుకోడు. వాడు నీ మాట ఎప్పుడు కాదన్నాడు గనక.”

“మరి ఇన్నాళ్లూ తెలిసి కూడా ఊరుకున్నారా?”

“సంతోషమేసి ఊరుకున్నా. నాకోసం దొంగపని చేసేవాళ్లు ఇంకెవరున్నారు?”

“అయితే ఇద్దరం దొంగలమే. దిగండి, మీరు స్టూలు పట్టుకోండి, నేను అతికిస్తా. ఈసారి గట్టిగా పెడదాం.”

“వద్దమ్మా.”

“ఎందుకు వద్దు? ఇంజనీరొచ్చే వేళయింది.”

“నేను పెట్టింది విరిగింది గనకేగా నువ్వు మార్చావు. నీ మంచం ఆ గోడ పక్కనే. నువ్వు నిద్రపోతావు, నేను నీ తల పైనున్న పగులు చూస్తూ కూర్చుంటా.”

“మంచం ఇటు జరుపుకుంటాలెండి. అంతేగా. కొత్త గాజుముక్క ఎక్కడ పెట్టారు?”

“లేదు.”

“లేకుండా స్టూలెందుకు ఎక్కారు? అత్తయ్యా, మిమ్మల్నే.”

“నువ్వు మీ అన్నయ్య ఇంట్లో ఉన్నా సరే, ఉంటే చాలు నాకు. పొద్దున ఫోన్ చేశా, బయల్దేరాడు.”

“మీరేం మాట్లాడుతున్నారు? గాజు మళ్లీ విరిగిందని అన్నయ్యకి అప్పుడే చెప్పేశారా?”

“ఈసారి విరిచింది గోడ కాదమ్మా. నేనే.”