ఈ రోజు షాపు ఉంది

అలా తల ఊపకండి మామయ్యా. నేనింకా ఏమీ అనలేదు. మీ చెవి మిషన్లు రెండూ విప్పి నా బల్ల మీద పరిచి ఉన్నాయి. ఇప్పుడు పక్కన లారీ హారన్ కొట్టినా మీరు తిరిగి చూడరు. మరి దేనికి ఊపుతున్నట్టు?

వినపడనివాళ్లందరిదీ ఇదే వరస. ఎదుటి మనిషి నోరు కదిలితే చాలు, సరే సరే అని తల ఊపేస్తారు. నన్ను కోడలిగా ఒప్పుకున్నది కూడా అలా తల ఊపేనని అత్తయ్య చెప్పి నవ్వేది.

ఊపండి, ఊపండి. ఇవాళ నాకు కావలసింది అదే. నా వీపు మీ వైపుంది, అద్దంలో మాత్రం కనిపిస్తున్నారు. పెదాలు చూసి మాట పట్టుకోవడం మీకు ఎప్పుడూ రాలేదు. అది నా అదృష్టం.

ఎడమదాని ట్యూబు నిండా గుబిలి! వారానికోసారి బ్రష్షుతో తుడుచుకోండని అందరికీ చెప్పే మనిషి, తనది మాత్రం ఇలా తెచ్చి కోడలి చేతిలో పెడతారు. షాపు పెట్టినాయన చేయాల్సిన పనేనా ఇది? సరే, కూర్చోండి. ఆ స్టూలు కాదు, అది ఊగుతుంది. అయ్యో, వినపడదు కదా. కూర్చున్నారా, సరే, ఊగండి.

మీ అబ్బాయి పొద్దున్నుంచి నాతో మాట్లాడటం లేదు. టీ పెట్టి ఇస్తే తాగారు, అది మాటల కింద రాదు. "నాన్నకి నువ్వే చెప్పు. అడిగింది నువ్వు కదా, నీ నోటితోనే చెప్పు." నిన్న అన్న ఆ మాటే ఆఖరు.

చెప్పాలి. ఏం చెప్పాలంటే, మన వెబ్‌సైట్ మార్చేస్తున్నాం. రేపటి నుంచి కొత్తది. అందులో మీ లైను ఉండదు.

అమ్మయ్య, చెప్పేశాను. మీరు తల కూడా ఊపారు. ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండు!

అసలు మన పేజీకి ఏమొచ్చిందట? తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, అంతే కదా. మీరే నేర్చుకుని మీరే కట్టారు. అక్షరాలు ఇంతింత లావు, కళ్లద్దాలు మర్చిపోయినవాళ్లు కూడా చదువుతారు. పైన షాపు పేరు, కింద దారి. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట 'ఫోన్ చేయకండి. మీకు వినపడదు. రండి' అని ఉంటుంది. చెవి మిషన్ల షాపుకి ఇంతకన్నా ఏం కావాలండీ?

అన్నిటికన్నా పైన మీ లైను. రోజూ పొద్దున్నే ఇంట్లో కూర్చుని ఒక్క వేలితో కొడతారు. 'ఈ రోజు షాపు ఉంది. రండి.' లేకపోతే, 'ఈ రోజు షాపు లేదు. రేపు రండి.' చేతులు వణుకుతున్నాయని ఈ బల్ల నాకు అప్పజెప్పాక, షాపుకి మీరు చేసే పని అదొక్కటే. అది చేస్తే గానీ స్నానానికి లేవరు.

ఒక్కోసారి ఇంకో ముక్క తగిలిస్తారు. 'మబ్బు పట్టింది. మిషన్లు తీసి లోపలి జేబులో పెట్టుకుని నడవండి.' 'ఎండగా ఉంది. నీళ్లు తాగండి. వినికిడికి సంబంధం లేదు, ఊరికే చెబుతున్నా.' రిపేరు పని ఏమీ లేనివాళ్లు కూడా ఆ లైను కోసమే పేజీ తెరుస్తారట. ఆ మూల ఇంట్లో టైలరమ్మ చెప్పింది. అందులో ఆవిడే మొదటిదని నా అనుమానం.

ఇంక ఆ కొత్త పేజీ కట్టే డిజైనరు గురించి చెప్పాలి. సన్నగా ఉంటాడు, మెత్తగా మాట్లాడతాడు. మన పేజీ చూసి పరామర్శకి వచ్చిన మనిషిలా కూర్చున్నాడు. తర్వాత, పేజీకి ఊపిరాడాలి అన్నాడు. ఉన్నదే నాలుగు ముక్కలు, మిగతాదంతా ఖాళీయే కదండీ అన్నాను. అది ఖాళీ కాదు, వదిలేయడం అన్నాడు. తను పెట్టబోయేదే అసలైన ఖాళీ అట.

రంగులు చూపించాడు. నాకు! ఈ గోడకి తెల్ల సున్నం తప్ప ఇంకోటి వేయనివ్వని దానికి. ఇంట్లో కర్టెన్ల నుంచి దుప్పట్ల దాకా అన్నీ బూడిద రంగేనని మీ అబ్బాయి నన్ను ఏడిపిస్తారు కదా. ఆ డిజైనరు రెండు రంగులు పక్కపక్కన పెట్టి ఇది ధైర్యం, ఇది నమ్మకం అన్నాడు. నాకు రెండూ నారింజే. ఏదో ఒకటి వేయండి అన్నాను.

పేజీ తెరవగానే ఓ ఆడగొంతు 'స్వాగతం' అంటుందట, వెనకాల గంటలు మోగుతాయట. మన దగ్గరకి వచ్చేవాళ్లలో సగం మందికి అది వినపడదు. మిగతా సగం మందికి ఫోనుకీ మిషనుకీ లంకె ఉంటుంది, తిన్నగా చెవిలోపలే పలుకుతుంది. టైలరమ్మకి చూపిద్దామని ఆవిడ ఫోన్లోనే తెరిచాను. ఆవిడ లేచి నిలబడి, ఎవరు వచ్చారా అని బల్ల కింద కూడా వెతికింది. ఆ స్వాగతం తీయించేశాను. మొత్తంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

అన్నీ తీసిపారేయాల్సినవేనని అనను. దారికి మ్యాపు పెట్టాడు. తాళాల షాపు ఎత్తేసి చాలాకాలమైంది, మన పేజీలో ఇంకా తాళాల షాపు దాటి రండనే ఉంది. జనం మాత్రం ఆ లేని షాపుని దాటుకుంటూ వస్తూనే ఉన్నారు. మీరు రాశారంటే అంత నమ్మకం.

ఏంటి? అయిందా అనా? ఒక్కటి అయింది. ఇదిగో, వేలు చూపించాను. అరవకండి, వీధిలోవాళ్లు చూస్తున్నారు. మీ గొంతు మీకు వినపడక మీరు అరుస్తారు, నేనేదో అన్నానని వాళ్లనుకుంటారు.

అయినా ఈ కొత్త పేజీ ఎవరికి కావలసి వచ్చిందంటారు? మీ అబ్బాయికి అనుకుంటున్నారు కదూ. ఆయనకి ఆయన ఆఫీసే సరిపోదు. నాకు. నేనే అడిగాను.

అదెలాగో చెబుతాను. మీకెలాగూ తొందర లేదు.

ఆ మధ్య ఓ ఆదివారం. సెలవు. బట్టలు ఉతుకుతూ ఎందుకో ఫోను చూశాను. 'ఈ రోజు షాపు ఉంది. రండి' అని ఉంది. మీరు పక్క గదిలోనే, పనైపోయిన మనిషిలా తీరిగ్గా కూర్చుని ఉన్నారు. మామయ్యా, ఇవాళ ఆదివారం అంటే సరిపోయేది. ఎందుకో అనలేకపోయాను. సబ్బు చేతులతోనే ఇక్కడికి వచ్చాను. టైలరమ్మ అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది. ఆదివారం కదా అని అనుమానం వచ్చింది గానీ, ఆయన ఉందని రాశారుగా అంది. షట్టరు ఎత్తాను. ఉంది కదా మరి, షాపు ఉంది.

తర్వాత ఇంకోసారి, ఆ తర్వాత మరోసారి. మీరు ఉందని రాసిన ప్రతి సెలవు రోజూ వచ్చి తెరిచాను. పని పేరుకుపోయిందని ఇంట్లో చెప్పాను. ఒకరోజు ఎండ మాడ్చేస్తుంటే మబ్బు పట్టిందని రాశారు. ఆ రోజు వచ్చినవాళ్లంతా మిషన్లు లోపలి జేబుల్లో పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చారు. ఒక్కరూ ఆకాశం వంక చూడలేదు.

ఓ బుధవారం 'ఈ రోజు షాపు లేదు' అని రాశారు. అప్పుడేం చేయాలండీ? తెరిస్తే మీ మాట అబద్ధమవుతుంది. షట్టరు సగం దించి, లోపల లైటు వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరో వచ్చి షట్టరు తట్టారు. చెవి మిషన్ల షాపులో కూర్చుని వినపడనట్టు ఉండటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

అదే వేళకి మీ అబ్బాయి ఆఫీసు నుంచి ఇటుగా వచ్చారు. షట్టరు సగం, లోపల నేనొక్కదాన్నే. ఇదేంటి అన్నారు. ఆ నిమిషానికి నోటికొచ్చింది చెప్పేశాను. జనం రావడం లేదు, మన పేజీ మరీ పాతబడిపోయింది, కొత్తది కట్టిద్దాం అని.

చెప్పాక, ఇదేదో బాగానే ఉందే అనిపించింది. కొత్తదాంట్లో ఏ రోజు సెలవో అదే చూపిస్తుంది, ఎవరి వేలూ అక్కర్లేదు. మీ లైను దానంతటదే పోతుంది, చప్పుడు లేకుండా. ఎవరి తప్పూ ఉండదు, అంతా ఫ్యాషను మీదకి తోసేయొచ్చు.

ఏమైందో తెలుసా? ఆ డిజైనరు అన్నీ మార్చాడు, మీ లైను ముట్టుకోలేదు. పైగా ఇంకా పెద్దది చేశాడు. నేను అన్నాళ్లూ లోపల్లోపల నవ్వుకున్న మనిషి, ఆ లైను దగ్గరకి వచ్చేసరికి గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఈ పేజీ మొత్తంలో మనిషి కనిపించేది ఇక్కడే. ఇది తీసేస్తే మిగిలేది ఉత్త షాపే" అన్నాడు. మీ అబ్బాయి కళ్లు తుడుచుకున్నారు. ఇద్దరూ సంతోషంగా నా వంక చూశారు.

తీసేయండి అన్నాను.

ఎందుకన్నారు. బాగోలేదన్నాను. ముసలివాసన కొడుతోందన్నాను. ఆ మాటకి మీ అబ్బాయి నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, పెళ్లయ్యాక ఎప్పుడూ అలా చూడలేదు మామయ్యా. ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే కారణం చెప్పాలి.

చెప్పొచ్చు కదా అంటారా? మీరనరు లెండి, తల ఊపుతారు. ఆయనకి చెబుతాను. చెప్పకుండా ఎన్నాళ్లు దాస్తాను? మొన్న చెవుల డాక్టరని మిమ్మల్ని తీసుకెళ్లానా, ఆవిడ చెవుల డాక్టరు కాదు. మీ చేత గడియారం బొమ్మ వేయించింది, గుర్తుందా? అంకెలు చక్కగా వేశారు. ముళ్లు పెట్టలేదు, అంతే. ముళ్లేవండీ అని ఆవిడ అడిగితే, ముళ్లు ఊడిపోబట్టే కదా రిపేరుకి తెచ్చారు అన్నారు. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. బయటికి వచ్చాక మీకు మందులు కొనాలని చెప్పి, దుకాణం వెనక్కి వెళ్లి నిలబడ్డాను కాసేపు.

ఆయనకి చెబుతాను, కానీ ముందు ఆ లైను పోవాలి. లైను ఉండగా తెలిస్తే, రోజూ పొద్దున్నే దాన్ని నాన్న మాటలా చదవరు. ఇవాళ ఎక్కడ తప్పారా అని చదువుతారు. ఆయన్నుంచి వీధికి తెలుస్తుంది. మీరు మబ్బు పట్టిందని రాస్తే, జనం తలెత్తి ఆకాశం వంక చూడటం మొదలుపెడతారు. అది నేను చూడలేను.

కోడలికి రిపేరు పనేంటి అని మీ వాళ్లంతా అంటుంటే, వాళ్లకీ ఇలాగే తల ఊపుతూ నా చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చారు మీరు. వినపడక ఊపారో, వినపడే ఊపారో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండోదీ అయింది. కొత్త ట్యూబు, కొత్త బ్యాటరీ. ఇటు తిరగండి. ఎడమ చెవి. మీ చెవులు ఎప్పుడూ ఇంత చల్లగా ఉంటాయేంటి? ఇప్పుడు కుడి.

వినిపిస్తోందా మామయ్యా?

గట్టిగా ఉందా? ఉండండి, తగ్గిస్తాను. ఇప్పుడు? సరే.

ఇంతసేపూ ఏం మాట్లాడుతున్నానా? ఏం లేదు, స్క్రూ దొరక్క నాలో నేనే గొణుక్కుంటున్నాను.

మామయ్యా, మన పేజీ ఉంది కదా, అది మార్పిస్తున్నాను. మీ అబ్బాయి కాదు, నేనే. మరీ బోసిగా ఉంది మామయ్యా. ఒక బొమ్మ లేదు, ఒక రంగు లేదు, నలుగురికీ చూపించాలంటే చిన్నతనంగా ఉంది. రేపటి నుంచి మీరు పొద్దున్నే ఆ లైను రాయక్కర్లేదు. ఆ చోట నారింజ రంగు వేస్తారట.

అయ్యో, లేదు. మీరేం తప్పు రాయలేదు. ఒక్కరోజు కూడా రాయలేదు. మీరు ఉందన్న ప్రతిరోజూ షాపు ఉంది.

అవును మామయ్యా. నాకు రంగుల పిచ్చి.