దస్తగిర్ గారు గీత కింద రాయించిన వాక్యం

1982 సెప్టెంబరు పదకొండవ తేదీన, మస్కట్‌లోని మా ఆసుపత్రి రికార్డు గదిలో సహాయకులుగా జనాబ్ షేక్ దస్తగిర్ గారు ఉద్యోగ జీవితానికి శ్రీకారం చుట్టారు. ప్రొద్దుటూరులో పదో తరగతి ముగించి వచ్చిన వారు ఇరవై ఏడేళ్ల అవిశ్రాంత సేవానంతరం, వైద్య గ్రంథాలయ పర్యవేక్షకులుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పక్క కుర్చీలో పదకొండేళ్లుగా టైపు చేస్తున్న నాకు మన తెలుగువారి పత్రికలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది.

1991లో గ్రంథాలయానికి బదిలీ అయిన పిమ్మట వారు స్వయంకృషితో ఆంగ్లమూ, నలభై దాటాక కంప్యూటరూ అభ్యసించారు. మృదుభాషులే గానీ, పత్రికల మీద చాయ్ కప్పు పెట్టామా, ఇక మన పని అయిపోయినట్టే!

2007లో పిల్లల విభాగం వారు ఒక బృహత్కార్యం అప్పగించారు. బాల్య ఉబ్బసానికి సంప్రదాయ చైనా వైద్యంపై గత పదేళ్లలో వెలువడిన పరిశోధనలను సేకరించి, వాటి ధోరణిని నివేదించాలి. దస్తగిర్ గారు సేకరించారు. ఏ ఏట ఎన్ని వెలువడ్డాయో లెక్కించి గ్రాఫు మీద గీత గీసింది నేను. అబ్బో, ఏటికేడు ఎంత చక్కగా పైకి పోయిందో ఆ గీత! మా అమ్మాయికీ ఉబ్బసమే. గీత పెరిగిందంటే మందు పనిచేస్తున్నట్టేనని తలచాను. రువీ బజారులో చైనా మూలికల పొడి కొని, ఆఫీసు కాగితాల్లో అట్లే ఉందని ఇంట్లో చెప్పి, బిడ్డ రోజూ పీల్చే మందు ఆపేశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. బిడ్డకు ఊపిరాడలేదు. అల్ అమెరాత్‌లోని మా ఇంటి నుండి మా ఆసుపత్రికే మోసుకొచ్చాం. డ్యూటీ మధ్యలో దస్తగిర్ గారు పరుగున వచ్చారు.

"ఆఫీసు కాయితాల్లో ఉందంటివే, ఎవురు ఆపమన్నారు ఆ మందు?" అని నా భార్య గంగులమ్మ ఏడ్చింది.

"తప్పు నాదే చెల్లెమ్మా. ఆ కాయితం నాదే. కింద రాయాల్సింది రాయలేదు," అన్నారు దస్తగిర్ గారు. సిగ్గులేని నేను తల దించుకు నిలబడ్డాను.

సాయంత్రానికి బిడ్డ తేరుకుంది. వారు నన్ను వరండాలోకి పిలిచారు.

"బ్రహ్మం, అది కాయితాలు రాసినోళ్ల లెక్కప్పా. నయమైన పిల్లోళ్ల లెక్క కాదు. అది తెలియాలంటే ఒక్కోటీ చదవాల."

ఆ తర్వాత రెండు నెలలు ప్రతి పరిశోధనా చదివారు. ఎందరు పిల్లలు, ఎన్నాళ్లు గమనించారు, వేరే మందుతో పోల్చారా లేదా అని విచారించారు. ఆశ కలిగించేవి కొన్ని, తేల్చి చెప్పగలిగినవి బహుస్వల్పం. ఆలస్యానికి పైఅధికారుల ఆగ్రహాన్ని ప్రశాంతంగా భరించి, నివేదికలో నా గీత కింద ఇలా రాయించారు: "ఇది పరిశోధనల సంఖ్య మాత్రమే, ఔషధ ఫలితం కాదు. పిల్లల మందులను వైద్యుల సలహా లేకుండా ఆపరాదు."

ఆనాటి నుండి గంగులమ్మ వారితో మాట్లాడదు. రంజాన్‌కు వారు తెచ్చే సేమ్యా గిన్నెను గుమ్మంలోనే అందుకుని, లోపలికి రమ్మని అనదు. రెండేళ్లుగా వారు అసలు సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు, పిరికితనంతో.

ఈ సంచికను ఆమె తప్పక చదువుతుంది. గంగులమ్మా, మందు ఆపాలనుకున్నది నేనొక్కడినే. దస్తగిరన్నను అడగనైనా అడగలేదు.

ప్రొద్దుటూరులో షంషున్నీసా వదిన గారితో కలిసి వారు నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని నా పక్షాన మనసారా కోరుకుంటున్నాను. మా ఇంటి పక్షాన కోరవలసింది గంగులమ్మ. వీడ్కోలు సభకు ఆమెను వెంటబెట్టుకొస్తాను.

— వీరబ్రహ్మం